ఇంట్లో అందరి వయసులూ పక్కపక్కన రాసి చూశా, నాకు 48 నుంచి 58 మధ్య అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత?

పగటికల (ప్రశ్న):

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. నాకు 34, మా ఆవిడకి 32, పాపకి 4. నాన్నకి 64, అమ్మకి 60, వాళ్ళిద్దరూ వేరే ఊళ్ళో ఉంటారు, ఇప్పటికైతే బాగానే తిరుగుతున్నారు. ఇన్నాళ్ళూ ఏ ఏడాదికి ఆ ఏడాది నెట్టుకొచ్చాం, జీతాలు వస్తున్నాయి, ఖర్చవుతున్నాయి, ఎంతో కొంత మిగులుతోంది. మొన్న సెలవు రోజున కూర్చుని ఒక షీటులో ఎడమ పక్కన వచ్చే 30 ఏళ్ళూ, పైన ఇంట్లో వాళ్ళ పేర్లూ పెట్టి, ఏ ఏడాదికి ఎవరి వయసు ఎంతవుతుందో నింపాను. విడివిడిగా ఆలోచించినప్పుడు అన్నీ అయ్యే పనుల్లాగే ఉండేవి, ఒక్కచోట చేరేసరికి టెన్షన్ మొదలైంది.

పాపకి 18 వచ్చేసరికి నాకు 48, నాన్నకి 78, అమ్మకి 74. రెండో బిడ్డ కావాలని ఇద్దరికీ ఉంది, రెండేళ్ళలో పుడితే ఆ బిడ్డ 18 దాటేటప్పటికి నాకు 54, చదువు ముగిసేటప్పటికి 58. ఇల్లు కొనాలనుకుంటున్నాం, 36లో 20 ఏళ్ళ అప్పు మొదలుపెడితే 56 దాకా వాయిదాలే. 60కి ఉద్యోగం ఆఖరు. ఇవన్నీ చాలవన్నట్టు, ఒక రెండేళ్ళ కోర్సు చదివి లైన్ మారాలని నాకు చాలా ఏళ్ళుగా కోరిక, అది ఇప్పుడు కాకపోతే ఇక అవదేమోనని భయం. అంటే 35, 36 ఏళ్ళలో నాకు జీతం ఉండదు. మా ఆవిడ పాప పుట్టినప్పుడు మానేసి ఈమధ్యే మళ్ళీ ఉద్యోగంలో చేరింది. షీటు చూపిస్తే మొత్తం కిందికి లాగి చూసి, "నా పేరు కింద వయసు తప్ప ఏమీ లేదేంటి?" అంది.

ఏది ముందు పెట్టాలి, ఏది వదులుకోవాలి, ఈ దశ దాటినవాళ్ళు చెప్పండి. పాలసీలు అమ్మేవాళ్ళు దయచేసి పక్కకి తప్పుకోండి.

లెక్కలపంతులు:

షీటు మంచి పని. అయితే అందులో అన్నిటినీ ఒకే రంగులో రాసి ఉంటారు, అక్కడే టెన్షన్ పుడుతోంది. మీ చేతిలో లేని తేదీలు కొన్ని ఉన్నాయి: పాపకి 18 రావడం, అమ్మానాన్నల వయసు, మీ ఉద్యోగం ముగిసే ఏడాది, కొంతవరకు రెండో బిడ్డ సంగతి. జరపగలిగినవి కొన్ని ఉన్నాయి: ఇల్లు, మీ కోర్సు. కదలని వాటిని ముందు సిరాతో రాసేసి, మిగతావి వాటి మధ్య ఖాళీల్లో ఎక్కడ ఇముడుతాయో చూడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఇల్లు ముందు ఖాయం చేసుకుని పిల్లల చదువుని దాని చుట్టూ సర్దుతారు.

ఇప్పుడు లెక్కలు. ఈ రోజు మీ ఇంటి ఖర్చు 100 అనుకోండి, ధరలు ఏటా 6% పెరిగితే మీకు 60 వచ్చేనాటికి అదే ఖర్చు దాదాపు 455. పాప చదువుకి 14 ఏళ్ళు టైముంది, ఫీజులు ఏటా 8% చొప్పున పెరిగాయంటే ఇవాళ్టి 100 అప్పటికి సుమారు 294. ఈ రెండింట్లో ఒకటే అందుతుంది అనుకుంటే నేను రిటైర్మెంట్‌కే ఓటేస్తాను, ఎందుకంటే చదువుకి అప్పు పుడుతుంది, పిల్లలు సంపాదించి తీర్చుకోనూవచ్చు, ముసలితనంలో తిండికి అప్పిచ్చేవాడు ఎవడూ ఉండడు. ఇది కటువుగా వినిపిస్తుందని తెలుసు, కానీ 60లో చేతిలో ఏమీ లేని తల్లిదండ్రులు పిల్లలకి చదువప్పు కంటే పెద్ద బరువు.

ఇంటి అప్పు: 8% వడ్డీకి 20 ఏళ్ళు తీసుకుంటే మీరు కట్టే వడ్డీయే అసలుతో సమానం అవుతుంది. అదే 15 ఏళ్ళకి పెట్టుకుంటే నెల వాయిదా 14% మాత్రమే పెరుగుతుంది, వడ్డీ మాత్రం అసలులో 72 శాతానికి దిగుతుంది, పైగా మీకు 51కే అప్పు తీరుతుంది, 48-58 మధ్య ఆ రద్దీలోంచి ఒక పెద్ద భారం తప్పుకుంటుంది. 15 ఏళ్ళకి వాయిదా కట్టలేకపోతే ఆ ఇల్లు మీకు పెద్దదని అర్థం, చిన్నది చూడండి.

ఇన్సూరెన్సు గురించి అడగలేదు గానీ, మీ మీద ఆధారపడ్డవాళ్ళు ఉన్నన్నాళ్ళు మాత్రమే అది కావాలి. చిన్నబిడ్డ కాళ్ళ మీద నిలబడేదాకా చాలు, జన్మంతా కట్టక్కర్లేదు. మీ ఒక్కరికే కాదు, మీ ఆవిడకీ ఉండాలి.

గాలివాటం:

ఇంత ఎందుకు బ్రో. మా నాన్న ఏ షీటూ వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు, అందరం బతికే ఉన్నాం. 30 ఏళ్ళ తర్వాత ఏమవుతుందో ఇప్పుడు రాసుకుని నిద్ర పాడు చేసుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. పాపతో ఆడుకో.

రాత్రిడ్యూటీ:

గాలివాటం గారూ, మీ ఇంట్లో ఎవరో ఒకరు షీటు వేసే ఉంటారు, కాయితం మీద కాకుండా తలలో. అది మీ అమ్మగారై ఉంటారని నా అనుమానం.

పగటికల గారూ, నేను ఆసుపత్రిలో నర్సుని, డబ్బు లెక్కలు పంతులుగారు చెప్పారు కాబట్టి వాటి జోలికి పోను. రెండో బిడ్డ విషయం ముందు. ఒక కాన్పు తర్వాత మళ్ళీ గర్భం కోసం ప్రయత్నించేముందు కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా, అది మీకు ఎప్పుడో దాటిపోయింది. ఇటు చూస్తే ఆడవాళ్ళకి గర్భం నిలిచే అవకాశం 32 ప్రాంతం నుంచి నెమ్మదిగా, 37 దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. 35 లోపు వాళ్ళయితే ఏడాది ప్రయత్నించాక డాక్టర్ని కలవమంటారు, 35 దాటితే ఆర్నెల్లకే రమ్మంటారు. అంటే మీ షీటులో "రెండేళ్ళలో పుడితే" అన్న గడిని కోర్సు కోసమో ఇంటి కోసమో వెనక్కి జరపడం సులువు కాదు. కోర్సుని నలభైలో కూడా చదవచ్చు. ఇది మీ ఆవిడ శరీరం కాబట్టి ఎప్పుడన్నది ఆవిడ నోటితోనే రావాలి, షీటులోంచి కాదు.

రెండోది మీ అమ్మానాన్నలు. మీరు 78 అని, 74 అని అంకెలు వేశారు, వాళ్ళ అవసరం కూడా అలాగే మెల్లమెల్లగా ఏడాదికో మెట్టు చొప్పున పెరుగుతుందని మనసులో లెక్క వేసుకున్నట్టున్నారు. నేను వార్డులో చూసేది వేరు. నిన్నటిదాకా సొంతంగా అన్నీ చేసుకున్న మనిషి బాత్రూములో జారి పడతారు, తుంటి విరుగుతుంది, ఆ రోజుతో ఇంటి మొత్తం ఏర్పాటు మారిపోతుంది. అది 66లో రావచ్చు, 85 దాకా రాకపోనూవచ్చు. ప్రమాదవశాత్తూ జరిగే చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం ప్రపంచవ్యాప్తంగా పడిపోవడానిదే. అందుకని తేదీ వెయ్యకండి, ఆ ఫోన్ వచ్చిన రోజు ఎవరు బయల్దేరతారు, పాప దగ్గర ఎవరుంటారు, ఎవరి సెలవు ఖర్చవుతుంది, వాళ్ళు వాడే మందుల జాబితా ఎక్కడుంది, ఇవి రాసుకోండి. బాత్రూములో గోడకి పట్టుకునే కడ్డీలు, జారని నేల, రాత్రి వెలిగే చిన్న దీపం, ఇవి ఈ ఏడాదే పెట్టించండి. షీటులో అన్నిటికన్నా చవకైన గడి అదే.

మీ ఆవిడ పేరు కింద ఖాళీగా ఉందన్నారు. మందులు, సెలవులు, పాప బడి, పురిటి తర్వాత ఆర్నెల్లు, ఇవన్నీ నింపి చూడండి, ఆ ఖాళీ ఎంతసేపుంటుందో. మీ షీటు డబ్బుని లెక్కపెట్టింది, గంటల్ని లెక్కపెట్టలేదు.

తీరిక62:

బాబూ, నేను దాదాపు మీ నాన్నగారి వయసువాణ్ణి. రిటైరై రెండేళ్ళవుతోంది. షీటులో నా పేరు కింద మా అబ్బాయి ఏం రాసి ఉంటాడా అని ఇది చదువుతుంటే అనిపించింది, నవ్వూ వచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది.

మీ నాన్నగారిని అడిగారా? అంటే ఖర్చెంత అవుతుందని కాదు, ఆయన ఏం చేయాలనుకుంటున్నారని. మా వయసులోనూ ఇంకా ముందు రావాల్సినవి కొన్ని ఉంటాయి, వాటిని ఎవరూ మైలురాళ్ళు అనరు. ఉద్యోగం పోయిన మొదటి ఏడాది పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోవడం అలవాటు కావడానికి నాకు చాలా టైము పట్టింది, డబ్బుకి లోటు లేదు, అయినా రోజు గడవదు. ఇప్పుడు పక్క వీధి పిల్లలకి లెక్కలు చెప్తున్నాను, కాస్త నయం. మీ దగ్గరికి వచ్చి ఉండమని మీరు 48లో అడుగుతారేమో, అప్పటికి ఆయన 78లో కొత్త ఊళ్ళో కొత్త స్నేహాలు చేసుకోలేరు. రావాలనుంటే 68లో రావడం మేలు. అసలు రాకూడదని ఉంటే ఆ మాట ఇప్పుడే తెలియాలి. ఇవి కష్టమొచ్చిన రోజున ఆసుపత్రి వరండాలో మాట్లాడుకునే విషయాలు కావు, అందరూ బాగున్న రోజున, తొందర లేని రోజున మాట్లాడాలి.

ఇంకోటి. ఆయన దాచుకున్న డబ్బుని మీ షీటులో రాబడిగా వేసి ఉంటే తీసెయ్యండి. అది ఆయనది. వీలునామా ఉందా, ఖాతాలు ఎక్కడెక్కడున్నాయి, తనకి తెలివి లేని స్థితి వస్తే వైద్యం విషయంలో ఎవరి మాట చెల్లాలి, ఈ మూడూ మాత్రం అడిగి రాయించుకోండి. అడగడానికి మొహమాటమైతే ముందు మీ వీలునామా రాసి ఆయనకి చూపించండి. మీకూ నాలుగేళ్ళ పాప ఉంది, మీ ఇద్దరికీ ఏదైనా అయితే ఆ పాప ఎవరి దగ్గర పెరగాలో మీరు ఎక్కడైనా రాశారా?

మెట్టుమెట్టు:

అందరూ 48-58 గురించే మాట్లాడుతున్నారు, నాకు అంతకంటే భయంగా కనిపిస్తున్నవి మీ 35, 36. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అని ఇద్దరు సైకియాట్రిస్టులు 1967లో 43 జీవిత సంఘటనలకి ఒత్తిడి మార్కులు వేశారు. జీవిత భాగస్వామి చనిపోతే 100, విడాకులకి 73, అలా. అందులో మంచి విషయాలకి కూడా మార్కులుంటాయి, పెళ్ళికి 50, రిటైర్మెంట్‌కి 45. మీరు ఒక ఏడాది, ఏడాదిన్నరలో ఇరికించిన వాటి మార్కులు కూడి చూశాను: గర్భం 40, ఇంట్లోకి కొత్త మనిషి 39, పని రంగం మారడం 36, పెద్ద అప్పు 31, చదువు మొదలుపెట్టడమో ముగించడమో 26, ఇల్లు మారడం 20. మొత్తం 192. ఏడాదిలో 150 దాటితే జబ్బు పడే అవకాశం పెరుగుతుందని వాళ్ళన్నారు. ఇవన్నీ మీరు కోరి తెచ్చుకుంటున్నవే, అయినా ఒంటికి ఆ తేడా తెలీదు.

ఇంకొకటి, రెండేళ్ళ కోర్సుని రెండేళ్ళని నమ్మకండి. 1994లో ఒక పరిశోధనలో డిగ్రీ ఆఖరి ఏడాది విద్యార్థుల్ని మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55. చదువు, ఆ తర్వాత కొత్త లైన్లో ఉద్యోగం దొరకడం, పాత జీతానికి చేరడం, ఇవన్నీ కలిపి మూడున్నర, నాలుగేళ్ళు వేసుకోండి. అప్పుడు కూడా ఇల్లు గడుస్తుందంటే దిగండి.

లెక్కలపంతులు:

మెట్టుమెట్టు గారూ, ఆ మార్కుల పట్టిక 60ల నాటి అమెరికా వాళ్ళని అడిగి కట్టింది, 192కీ 180కీ తేడా ఉందని దాన్ని పట్టుకుని చెప్పలేం. ఒకరికి గర్భం 40 అయితే ఇంకొకరికి 80 కావచ్చు. కానీ మీరు తేల్చిన విషయంతో ఏకీభవిస్తాను, ఇల్లూ కోర్సూ రెండూ ఒకే ఏట పెట్టకూడదు. జీతం లేని ఏడాదిలో అప్పు తీసుకోవడం సరే, అసలు ఇచ్చేవాడెవడు?

పగటికల:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. గాలివాటం బ్రో, పాపతో ఆడుకుంటూనే ఇది రాస్తున్నా, నిద్రపోవట్లేదు తను.

నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని మా ఆవిడ వరస నింపాం. తన ఆఫీసులో పైమెట్టుకి ఒక సర్టిఫికెట్ కావాలట, ఏడాది చదివితే వస్తుంది, నాకు ఇంతవరకూ చెప్పనే లేదు. ఉద్యోగం మానేసిన ఆ నాలుగేళ్ళలో తన పేరు మీద రిటైర్మెంట్ పొదుపు ఒక్క పైసా పడలేదన్నది కూడా రాసి చూస్తేనే కనిపించింది. కాబట్టి ప్రస్తుతానికి అనుకున్నది: రెండో బిడ్డ ముందు, నా కోర్సు ఉద్యోగం చేస్తూ పార్ట్ టైంలో నాలుగేళ్ళు, అదీ తన సర్టిఫికెట్ అయ్యాక. మళ్ళీ తను ఇంట్లో ఉండాల్సి వచ్చిన నెలల్లో తన పొదుపు నా జీతంలోంచి కట్టాలి, ఇది తను పెట్టిన షరతు. ఇల్లు కొనడం నాకు 38 వచ్చాకే. పెద్దాయన చెప్పినట్టు నాన్నకి ఫోన్ చేశా, వీలునామా మాట ఎత్తలేకపోయాను, బాత్రూము కడ్డీల దాకా వచ్చి ఆగిపోయింది, "ఇప్పుడే నన్ను ముసలాణ్ణి చేస్తున్నావా" అని నవ్వేశారు. వెళ్ళినప్పుడు ఎదురుగా మాట్లాడతా.

ఒక్కటి తేలలేదు. 38లో 15 ఏళ్ళ అప్పయితే 53కి తీరుతుంది, బాగుంది. కానీ ఆ మొదటి రెండు మూడేళ్ళు చిన్నబిడ్డ ఖర్చు, కోర్సు ఫీజు రెండూ ఉంటాయి, 14% ఎక్కువ వాయిదా అప్పుడే బరువు. ఏం చెయ్యమంటారు?

రాత్రిడ్యూటీ:

మీ ఆవిడ షరతు నాకు నచ్చింది, చెప్పండి తనకి.

లెక్కలపంతులు:

20 ఏళ్ళకే తీసుకోండి. నేను ముందు 15 అన్నది మీకు 36లో, ఇద్దరి జీతాలూ నిలకడగా ఉంటాయనుకుని. మీరు చెప్పిన పరిస్థితిలో తక్కువ వాయిదాకి కట్టుబడి ఉండటమే క్షేమం, ఒక జీతం ఆగిన నెలలో కూడా కట్టగలిగే వాయిదా అది. చేతిలో వీలున్న నెల నుంచి ఆ 14% మీ అంతట మీరు అదనంగా కట్టుకుంటూ పోండి, మొదటి నెల నుంచీ కడితే అదే వడ్డీకి అప్పు సరిగ్గా 15 ఏళ్ళకే తీరుతుంది, మూడేళ్ళు ఆలస్యంగా మొదలుపెడితే ఇంకొంచెం జరుగుతుంది, అంతే. రెండు జాగ్రత్తలు: ముందుగా కడితే జరిమానా ఉందో లేదో సంతకానికి ముందే కాయితం మీద చూడండి, అదనంగా కట్టిన ప్రతిసారీ వాయిదా తగ్గించకుండా గడువు తగ్గించమని బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే కొన్నిచోట్ల వాళ్ళంతట వాళ్ళే వాయిదా తగ్గించేస్తారు, అప్పుడు 20 ఏళ్ళు 20 ఏళ్ళుగానే ఉంటాయి.